నాన్నగారి మాట వినపడటం లేదు: పార్కిన్సన్స్‌లో స్పీచ్ థెరపీ ఎంతవరకు పనిచేస్తుంది?

మీ ప్రశ్న సారాంశం ఇదండీ. రాజోలు దగ్గర పల్లెలో ఉంటున్న నాన్నగారికి పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు) వచ్చి ఐదేళ్ళయింది. ఏడాదిగా గొంతు బాగా తగ్గిపోయింది, హైదరాబాద్‌లో ఉన్న మీకు ఫోన్‌లో ఒక్క ముక్క అర్థం కావడం లేదు. న్యూరాలజిస్టు స్పీచ్ థెరపీ రాశారు. అది నిజంగా పనిచేస్తుందా, లేక మాత్రల డోసు పెంచమని అడగాలా అన్నది మీ సందేహం. ఆయనేమో "నేను బాగానే మాట్లాడుతున్నాను, మీకే చెవులు పోయాయి" అంటున్నారు. వారానికి నాలుగు రోజులు రాజమండ్రి తీసుకెళ్ళే మనిషి ఇంట్లో లేరు. మెదడు ఆపరేషన్ చేయిస్తే మాట వస్తుందని ఎవరో చెప్పారు. చివర్లో ఒక్క వాక్యం: నీళ్ళు తాగేటప్పుడు పొలమారుతోంది.

నేను భీమవరంలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పిల్లలకంటే పెద్దవాళ్ళనే ఎక్కువ చూస్తాను. మీరు చివర్లో రాసిన ఆ ఒక్క వాక్యంతోనే మొదలుపెడతాను. మాట సంగతి ఓ నెల ఆలస్యమైనా పరవాలేదు, మింగడం సంగతి ఆగదు.

ఈ జబ్బులో చేతులూ కాళ్ళూ నెమ్మదించినట్టే నాలుక, గొంతు కండరాలూ నెమ్మదిస్తాయి. మింగే క్షణంలో శ్వాసనాళం సరిగ్గా మూసుకోకపోతే నీళ్ళో మెతుకో ఊపిరితిత్తుల వైపు జారుతుంది. అప్పుడు దగ్గు వస్తే ఒకరకంగా నయమే. కొంతమందికి ఆ దగ్గు కూడా రాదు, చడీ చప్పుడూ లేకుండా లోపలికి పోతుంది. అది న్యుమోనియాకు దారితీస్తుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళ మరణాలకు ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. అందుకే అమ్మగారిని నాలుగు రోజులపాటు భోజనం దగ్గర కూర్చుని గమనించమనండి. నీళ్ళు తాగాక గొంతు తడితడిగా, గరగరమని పలుకుతోందా? ముద్ద బుగ్గలో ఉండిపోతోందా? ముందు పావుగంటలో అయిపోయే భోజనం ఇప్పుడు ముప్పావుగంట పడుతోందా? మాత్ర గొంతులో ఆగిపోయిందంటున్నారా? బరువు తగ్గారా, మధ్యమధ్యలో కారణం తెలియని జ్వరం వస్తోందా? వీటిలో ఏది ఉన్నా డాక్టరుగారికి వెంటనే చెప్పాలి. బేరియం కలిపిన ఆహారం తినిపిస్తూ ఎక్స్‌రే వీడియో తీసే పరీక్ష ఒకటి, ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూసే పరీక్ష ఇంకొకటి ఉన్నాయి. ఏది అవసరమో వాళ్ళు చెబుతారు.

ఈలోగా ఇంట్లో మార్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మనవైపు పెద్దవాళ్ళకు చెంబు పెదవికి తగలకుండా తల వెనక్కి వాల్చి ఎత్తిపోసుకుని తాగే అలవాటుంది. అది ముందు మానిపించాలి. తల వెనక్కి వాలిందంటే నీళ్ళు శ్వాసనాళంలోకి జారడం మరింత తేలిక. గ్లాసుతో, చిన్న గుక్కలుగా, తల నిటారుగా పెట్టుకుని తాగాలి. గడ్డం కిందికి వంచి మింగడం కొందరికి పనిచేస్తుంది, అందరికీ కాదు, కాబట్టి అది థెరపిస్టు చూసి చెప్పాకే. చారన్నం చాలామంది తేలికైన తిండి అనుకుంటారు గానీ, మింగడం కష్టమైనవాళ్ళకు అదే ఇబ్బంది: మెతుకులు ఇంకా నోట్లో ఉండగానే పలచటి చారు ముందే గొంతులోకి జారిపోతుంది. మెత్తగా కలిపిన పప్పన్నం, గట్టి పెరుగన్నం దానికంటే నయం. పూతరేకులు, అటుకులు, పొడిపొడిగా ఉండే సున్నుండలు లాంటివి అంగిలికి అంటుకుపోతాయి, పక్కన పెట్టండి. పులసల కాలంలో ఆయన నోరు కట్టేయమని నేను చెప్పలేను. ముల్లు లేకుండా వలిచి, పులుసు వేరుగా, ముక్క వేరుగా పెట్టమనండి. తినేటప్పుడు టీవీ ఆపాలి, ఆయనతో మాట్లాడించకూడదు. తిన్నాక అరగంటైనా కూర్చోవాలి, చెయ్యి కడుక్కోగానే మంచం ఎక్కకూడదు.

నోట్లోంచి చొంగ కారుతోందని కూడా కొందరు అడుగుతారు. లాలాజలం ఎక్కువై కాదు, మామూలుగా మనకు తెలియకుండానే మింగేసేది వాళ్ళు మింగడం మర్చిపోతున్నారు, అంతే.

ఇక మాట దగ్గరికి వద్దాం.

డోసు పెంచితే గొంతు లేస్తుందా అన్నారు. లెవోడోపా మాత్ర (మీ నాన్నగారికి సిండోపా అయ్యుండవచ్చు) నడకకు, బిగుసుకుపోవడానికి బాగా పనిచేస్తుంది. మాటమీద దాని ప్రభావం ఒకరికి ఉంటుంది, ఒకరికి ఉండదు. గొంతు కోసమని మీకు మీరే డోసు పెంచొద్దు. ఒక్కటి మాత్రం చూడండి: మాత్ర వేసుకునే వేళకు, భోజనానికి మధ్య ఎడం ఉందా? పప్పు, గుడ్డు, చేప లాంటి మాంసకృత్తులు ఎక్కువున్న తిండితో కలిస్తే మందు ఒంటికి సరిగా పట్టదు. సాధారణంగా తినడానికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేసుకోమంటారు. మాట సాధన కూడా మందు బాగా పనిచేస్తున్న వేళలోనే పెట్టుకోవాలి.

"నేను బాగానే మాట్లాడుతున్నాను" అని నాన్నగారు అనడం మొండితనం కాదండీ. అసలు జబ్బే అది. మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం తగ్గేసరికి కదలికలన్నీ చిన్నవైపోతాయి: అడుగులు చిన్నవి, అక్షరాలు చిన్నవి (ఆయన సంతకం ఒకసారి చూడండి), గొంతూ చిన్నదే. దానికి తోడు, తన గొంతు ఎంత గట్టిగా ఉందో లోపల కొలుచుకునే లెక్క కూడా తప్పుతుంది. పెట్రోలు అయిపోయినా ముల్లు ఫుల్ దగ్గరే నిలబడిన బండి లాంటిది. ఆయన గుసగుస ఆయనకు మామూలు గొంతులా వినిపిస్తుంది. ఆయన్ని మామూలు గొంతుతో మాట్లాడించామనుకోండి, "అంత అరిస్తే బాగుంటుందా, చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారు" అంటారు. దాదాపు అందరూ ఇదే మాట అంటారు.

వాదించి ఒప్పించలేరు. వినిపించి ఒప్పించవచ్చు. నేను మొదటిరోజు చేసేది ఇదీ. పేషెంటును కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ఫోన్ బల్లమీద పెట్టి రికార్డింగ్ నొక్కి, ఏదో ఒకటి అడుగుతాను: ఈసారి సార్వా ఎలా ఉంది, చెరువులో రొయ్య నిలబడిందా అని. ఆయన రెండు నిమిషాలు చెబుతారు. తర్వాత "ఇప్పుడు కాలవ అవతలి గట్టున మీ పాలేరు ఉన్నాడు, అతనికి చెప్పండి" అని అదే సంగతి మళ్ళీ చెప్పిస్తాను. గొంతు ఒక్కసారిగా లేస్తుంది. ఆ రెండూ పక్కపక్కన వినిపించి, "ఏది బాగుందండీ?" అంటాను. మొదటిది వింటుంటే మొహంలో పెద్ద మార్పు కనిపించదు (ఈ జబ్బులో మొహమూ బిగుసుకుంటుంది కదా), కానీ ఫోన్ వైపు ఒంగుతారు, చెవి దగ్గర పెట్టుకుంటారు. రెండోది వినేటప్పుడు ఒంగరు. ఇక నేను చెప్పాల్సిన పని ఉండదు. ఆ గొంతు ఇంకా ఉంది, పోలేదు. కోరి బయటికి తీయాలి, అంతే తేడా.

ఇలా ఒక్క "గట్టిగా" అన్న సూచన మీదే కట్టిన పద్ధతి ఒకటి ప్రపంచమంతా వాడుకలో ఉంది. పేరు ఎల్‌ఎస్‌విటి లౌడ్. లీ సిల్వర్‌మన్ అనే పార్కిన్సన్స్ బాధితురాలి పేరు దానికి పెట్టారు. అమెరికాలో లోరెయిన్ రేమిగ్, ఆమె సహచరులు 1980ల చివర్లో దీన్ని తయారుచేశారు. వారానికి 4 రోజులు, 4 వారాలు, రోజుకు గంట, మొత్తం 16 సెషన్లు. దాంతోపాటు రోజూ ఇంటి దగ్గర సాధన. ఇంత దట్టంగా ఎందుకంటే, తప్పిన ఆ లెక్కను సరిచేయాలంటే అప్పుడొకసారి ఇప్పుడొకసారి చేస్తే నిలవదు. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధనలో 388 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఈ పద్ధతి, రెండో గుంపుకు బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలుగా ఇచ్చే స్పీచ్ థెరపీ, మూడో గుంపుకు ప్రస్తుతానికి ఏమీ లేదు. ఎల్‌ఎస్‌విటి తీసుకున్నవాళ్ళకు మాట ఇబ్బంది స్పష్టంగా తగ్గింది. మామూలు థెరపీకి, ఏమీ లేకపోవడానికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గట్టిగా సాధన చేసిన కొందరికి గొంతు అలసట, బొంగురు వచ్చిన మాట కూడా అందులో ఉంది.

అందుకని మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: పనిచేస్తుంది, సరిగా చేస్తే. నెలకు రెండుసార్లు వెళ్ళి పావుగంట కూర్చుని వచ్చే థెరపీ మీద డబ్బు పెట్టొద్దు.

మొదలుపెట్టే ముందు ఈఎన్‌టి డాక్టరుతో స్వరపేటిక ఒకసారి చూపించాలి. బొంగురుకు వేరే కారణాలుండవచ్చు, అవి ఉండగా గట్టిగా సాధన చేయిస్తే చెడుతుంది. అదే రోజు అమ్మగారికి చెవి పరీక్ష చేయించండి. నవ్వుకోకండి. "మీకే చెవులు పోయాయి" అన్న మాటలో సగం నిజం ఉన్న ఇళ్ళు నేను చాలానే చూశాను.

సాధన ఎలా ఉంటుందో చెబుతాను, మీకు ఒక అంచనా కోసం. కుర్చీలో వీపు ఆనించకుండా, పాదాలు రెండూ నేలకు తాకేలా కూర్చోవాలి. పొట్ట నిండా గాలి తీసుకుని, నోరు బాగా తెరిచి "ఆ..." అని గట్టిగా, నిలకడగా, ఊపిరి ఉన్నంతసేపూ. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాలి. మెడ నరాలు ఉబ్బితే అది తప్పు, బలం గొంతులోంచి కాకుండా ఊపిరిలోంచి రావాలి. శబ్దం కొలిచే యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఫోన్ నోటికి ఒక అడుగు దూరంలో, రోజూ అదే చోట పెట్టండి. యాప్ చూపించే డెసిబెల్ అంకె కచ్చితం కాకపోవచ్చు, నిన్నటికంటే ఈరోజు ఎలా ఉందో పోల్చుకోవడానికి చాలు. తర్వాత అదే "ఆ"ను కింది స్థాయి నుంచి పైకి, పై నుంచి కిందికి తీసుకెళ్ళాలి. పద్యాలు రాగంగా చదివే అలవాటున్నవాళ్ళు దీన్ని చాలా సులువుగా పడతారు. మన జిల్లాల్లో నాటకాల పిచ్చి ఉన్న పెద్దవాళ్ళకు కొదవలేదు కాబట్టి నా పని కొంత తేలిక.

ఆ తర్వాతది నాకు బాగా ఇష్టమైన భాగం. రోజూ ఆయన నోట వచ్చే పది మాటలు ఆయన చేతే ఎంపిక చేయిస్తాం. పుస్తకంలో మాటలు కాదు. "పేపరొచ్చిందా?", "మోటారు కట్టేశారా?", "దింపు ఎప్పుడు పెట్టుకుందాం?", "మాత్ర వేసుకున్నాను", ఫోన్ ఎత్తగానే "ఆయ్, చెప్పండి". వీటిని అదే గట్టి గొంతుతో రోజూ పలికించాలి. కొన్నాళ్ళకు ఆ మాట నోటికొచ్చినప్పుడల్లా గొంతు దానంతటదే లేస్తుంది. అక్కడి నుంచి వాక్యాలు, పేపర్లో వార్త చదవడం, చివరికి మామూలు కబుర్లు.

తెలుగువాళ్ళతో పనిచేసేటప్పుడు నేను ప్రత్యేకంగా చూసేది ఒకటుంది. పార్కిన్సన్స్‌లో వాక్యం మొదట్లో కాస్త వినిపించిన గొంతు చివరికొచ్చేసరికి ఆరిపోతుంది. మన వాక్యంలో అసలు సంగతంతా చివరే ఉంటుంది. "రాత్రి మాత్ర వేసుకో..." వరకు వినపడుతుంది. వేసుకున్నారా, వేసుకోలేదా? అమ్మగారు ఒకటనుకుంటారు, ఆయన చెప్పింది ఇంకొకటి. అందుకే పొడుగు వాక్యాన్ని రెండు ముక్కలు చేయడం, మధ్యలో ఊపిరి తీసుకోవడం, "లేదు", "వద్దు" లాంటి చివరి మాటను కావాలని గట్టిగా కొట్టడం నేర్పిస్తాను. ఒత్తులూ దీర్ఘాలూ కూడా చెదిరిపోతుంటాయి, "పప్పు" అన్నా పెదాలు పూర్తిగా కలవవు. కానీ దానికోసం విడిగా అక్షరాలు దిద్దించక్కర్లేదు. గొంతు పెంచితే నోరు కూడా తెరుచుకుంటుంది, చాలావరకు స్పష్టత దాంతోనే వస్తుంది. "నెమ్మదిగా చెప్పండి, నోరు తెరవండి, ఊపిరి తీసుకోండి, స్పష్టంగా అనండి" అని నలుగురూ నాలుగు చెబితే ఆయన ఏదీ చేయలేరు. ఇంట్లో అందరూ ఒక్కటే అనండి: "గట్టిగా, నాన్నగారూ."

కొందరికి మాట తగ్గడం కాకుండా ఒకదాని మీద ఒకటి పడిపోతూ పరుగెడుతుంది. అలాంటివాళ్ళకు ఒక్కో మాటకు ఒక్కో వేలి కణుపు నొక్కుతూ మాట్లాడమంటాను. జపం లెక్క అలవాటున్న చేతికి అది కొత్త కాదు.

సాధన చేసేది ఆయనే అయినా, ఇంట్లోవాళ్ళు మారాల్సిన విషయాలున్నాయి. ఆయన నోరు తెరవగానే అమ్మగారు మిగతాది పూర్తి చేసేస్తుంటారు కదూ? ప్రేమతోనే చేస్తారు, కానీ అలా రోజూ జరిగితే ఆయన మాట్లాడటమే మానేస్తారు. ప్రశ్న అడిగాక ఆగాలి, జవాబు మొదలుకావడానికి కొంత సమయం పడుతుంది. వినపడకపోతే వినపడినట్టు తలూపొద్దు. నడుస్తున్నప్పుడు ఆయన్ని ఏమీ అడగొద్దు, మాటా తగ్గుతుంది, అడుగూ తడబడుతుంది. టీవీ, మిక్సీ, చెరువు గట్టుమీద ఏరేటర్ల హోరు ఉన్నచోట ముఖ్యమైన విషయాలు మాట్లాడొద్దు. మొహంలో భావం కనపడకపోతే కోపమొచ్చిందనుకోకండి. మీరు చేయగలిగింది ఇంకొకటి ఉంది: మీరు ఫోన్ చేస్తే అమ్మగారు ఎత్తి "నాన్నగారు బాగానే ఉన్నార్లే" అనేయకుండా, రోజూ ఒకే వేళకు ఆయనే మీకు వీడియో కాల్ చేసేలా ఏర్పాటు చేయండి. ఆయనకు మాత్రమే తెలిసిన విషయం అడగండి, కొబ్బరి రేటు, పొలం లెక్క, ఊళ్ళో పెళ్ళి. ఆరోగ్యం గురించి అడిగితే ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు.

ప్రయాణం సంగతి. రాజోలు నుంచి రాజమండ్రి వరకూ వెళ్ళక్కర్లేదు. చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, ఆపైన భీమవరం దగ్గరే, ఇటు అమలాపురమూ ఉంది. చిక్కేమిటంటే మన ప్రాంతంలో బోర్డు పెట్టిన సెంటర్లు చాలావరకు మాట రాని పిల్లల కోసం, లేదా వినికిడి మిషన్ల కోసం. కాబట్టి ఫోన్ చేసినప్పుడే రెండు అడగండి: రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా, పార్కిన్సన్స్ పెద్దవాళ్ళను చూసిన అనుభవం ఉందా. మొదటి రెండు మూడు సెషన్లు ఎదురుగా చేయించి, మిగతావి వీడియో కాల్‌లో పెట్టుకోవచ్చు. ఈ పద్ధతి వీడియోలోనూ దాదాపు అంతే ఫలితం ఇస్తుందని పరిశోధనలున్నాయి. ఎల్‌ఎస్‌విటి సర్టిఫికెట్ ఉన్న థెరపిస్టు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో దొరికినా పరవాలేదు, తెలుగులో చేయించగలగాలి. ఆ కాల్ సమయానికి పక్కన ఒక మనిషి ఉంటే చాలు, ఫోన్ పట్టుకోవడానికి, కరెంటు పోతే మళ్ళీ కలపడానికి. నెల అయిపోయాక కూడా రోజూ పది నిమిషాలు సాధన ఉండాల్సిందే. అలా చేసినవాళ్ళకు ఫలితం రెండేళ్ళ వరకూ నిలిచిందని నమోదైంది. మానేస్తే గొంతు మళ్ళీ దిగిపోతుంది, అది ఈ జబ్బు స్వభావం.

చుట్టాలు చాలా చెబుతారు. వస కొమ్ము తేనెలో అరగదీసి నాలుకకు రాస్తే మాట వస్తుందన్నది పసిపిల్లలకు చేసే ఆనవాయితీ. మీ నాన్నగారికి వచ్చిన ఇబ్బంది నాలుకలో లేదు. బుడగలు ఊదించడం, కొవ్వొత్తి ఆర్పించడం, నాలుక ఊరికే అటూ ఇటూ తిప్పించడం లాంటివాటితో గంట గడిపే థెరపీ కూడా నేను ఒప్పుకోను, మాట బాగుపడేది మాట్లాడితేనే. దూలగొండి గింజల పొడి సంగతి వేరు. అందులో లెవోడోపా సహజంగానే ఉంటుంది, అందుకే ప్రమాదం: వేసుకుంటున్న మాత్రకు అది తోడై డోసు ఎంత అయిందో ఎవరికీ తెలియదు. డాక్టరుగారికి చెప్పకుండా ఒక్క చెంచా కూడా వద్దు. టీచర్లు నడుముకు కట్టుకునే చిన్న మైకు, స్పీకరు మాత్రం మంచిదే. ఆన్‌లైన్‌లో రెండు వేల లోపే దొరుకుతుంది. పెళ్ళిళ్ళకు, గుడికి వెళ్ళినప్పుడు వాడుకోవచ్చు. సాధనకు అది బదులు కాదు.

ఆపరేషన్ గురించి చెప్పినవాళ్ళు డీబీఎస్ అనుకుంటున్నారు, మెదడులో సన్నటి తీగలు పెట్టి కరెంటు ఇచ్చేది. వణుకుకు, మందు ప్రభావం హెచ్చుతగ్గులకు అది గొప్పగా పనిచేస్తుంది. కానీ మాట కోసం చేయించుకునే ఆపరేషన్ కాదు, కొందరికి దాని తర్వాత మాట ఇంకా తగ్గుతుంది కూడా. వేరే కారణాలకు డాక్టరుగారు అది చేయించాలంటే, ముందే ఆయన మాట ఓ పది నిమిషాలు రికార్డు చేసి ఉంచండి. తర్వాత మాటలో తేడా వస్తే కరెంటు సెట్టింగులు మార్చి చూస్తారు, అప్పుడు పోల్చుకోవడానికి ఆ రికార్డు అడుగుతారు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చేర్చిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ కూడా ఉంది. వైకల్య సర్టిఫికెట్‌కు, యూడీఐడీ కార్డుకు (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు చేయవచ్చు. మెడికల్ బోర్డుకు వెళ్ళేరోజు న్యూరాలజిస్టు కాగితాలతోపాటు థెరపిస్టు రాసిన మాట, మింగడం రిపోర్టు కూడా పట్టుకెళ్ళండి. మందు వేళ దాటిపోకుండా మాత్రలు, నీళ్ళ సీసా, గ్లాసు సంచిలో ఉండాలి. అక్కడ క్యూ ఎంతసేపో చెప్పలేం.